గోష్టి నేర్పిన జవాబు

పదహారేళ్ల తర్వాత వేదవల్లి మళ్లీ ఇంటర్వ్యూకు కూర్చుంది. అదీ తిరుపతిలో తన ఇంటి పడకగదిలో, కూతురు శ్రీహిత లాప్‌టాప్ ముందు. ఒకప్పుడు చెన్నైలో మూడేళ్లు ప్రోగ్రాములు రాసింది. కూతురు పుట్టాక మానేసింది. ఈసారి ఉద్యోగం రాకపోతే ఇక ఆ ఊసే ఎత్తనని ఇంట్లో చెప్పేసింది.

"కుక్కరు పెట్టొద్దు, మిక్సీ వేయొద్దు," అంటూ తలుపు వేసుకుంది.

"గంట కొట్టొచ్చునా?" పూజగదిలోంచి భర్త పద్మనాభ్ అడిగాడు.

"ఈ పూట మనసులోనే కొట్టుకోండి."

తెర మీద ప్రశ్నలు అడిగే అమ్మాయి పేరు లోహిత. వయసు ముప్ఫై కూడా ఉండదు. "మాదీ చిత్తూరు వైపే మేడం, తెలుగులోనే మాట్లాడుకుందాం," అని నవ్వింది. తేలిక ప్రశ్నలు అయ్యాక అసలుది అడిగింది.

"ఆన్‌లైన్‌లో ఒకే బస్సు సీటుకు ఇద్దరు ఒకేసారి నొక్కినారు. ఏం చేస్తారు?"

"ముందొచ్చినోళ్లకు పట్టి పెడతాం. వాళ్ల పని అయ్యేదాకా రెండోవాళ్లు ఆగాల."

"ముందొచ్చినోళ్లు మధ్యలోనే ఆగిపోతే?"

తెలిసిన జవాబే, చప్పున జారిపోయింది. వేదవల్లి నోరు మూసుకుని కదలకుండా కూర్చుంది.

"హలో మేడం? నెట్ పోయినట్టుండాదే..."

"నెట్ బాగానే ఉండాదమ్మా. నేనే ఆగినాను. తప్పిపోతే నోరు మూసుకోవాలని చిన్నప్పటి అలవాటు."

అన్నాక ఆమెకు చంద్రగిరి గుడి కళ్లకు కట్టింది. ధనుర్మాసంలో తెల్లవారకముందే అరికాళ్లకు చల్లగా తగిలే రాతి మంటపం. ఎదురెదురుగా రెండు వరుసలు. ఒక వరుస తిరుప్పావై పాశురంలో ఒక పాదం పలికితే, అది పూర్తయ్యాకే రెండో వరుస తర్వాతి పాదం అందుకోవాలి. అలా కలిసి పలికే ఆ గోష్టికి పెద్ద ఆమె నాయన రంగరాజు. "పాదం తప్పితే గొణగొద్దు పాపా, విను," అనేవాడు. చివర్లో దొన్నెలో పొగలు కక్కే మిరియాల పొంగలి. వేళ్లు కాలుతున్నా ఆగేవాళ్లు కాదు పిల్లలు. ఆ నెయ్యి వాసన ఇప్పుడు ఏ పొంగలికీ రాదు.

ఆ వరుసల మధ్యే జవాబు దొరికింది.

"ఒక వరుస మధ్యలో ఆగిపోతే మా నాయన ఒక్క ఊపిరిసేపు చూసేవాడమ్మా. అప్పటికీ అందుకోకపోతే, సగం పలికింది వదిలేసి ఆ పాదాన్ని ఎదుటి వరుసతో మొదటినుంచి పలికించేవాడు. ఈడా అంతే. ఇంతసేపని గడువు పెడతాం. దాటితే సగంలో ఉన్న పని చెరిపేసి, సీటు రెండోవాళ్లకు ఇస్తాం."

లోహిత రాసుకోవడం ఆపి తలెత్తింది. "మా నాయన తల్లి, మా జేజి కూడా ఇట్లే గోష్టిలో పాశురాలు చెప్పేది మేడం," అంది మెల్లగా. ఆ తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్లు రెండింటి గురించి అడిగింది. రెండూ తెలియవని వేదవల్లి ఒప్పుకుంది.

"సోమవారం పది గంటలకు మా మేనేజరు మాట్లాడతారు. ఆలోగా ఆ రెండూ చదువుకోండి."

తలుపు తీసేసరికి తండ్రీకూతుళ్లిద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

"సోమవారం ఇంకోటి ఉండాది."

"అయితే సోమవారం వంట నాది," అన్నాడు పద్మనాభ్.

"సోమవారం దాకా ఎందుకు? ఈ పూటే మొదలుపెట్టండి," అంటూ వంటింట్లోంచి వంకాయల బుట్ట తెచ్చి అతని చేతికిచ్చి, వేదవల్లి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చుంది.