అమ్మను

పళ్ళాయన ఉతికిన బట్టలనే మళ్ళీ ఉతకడానికి ఇస్తున్నాడని కనిపెట్టడానికి అతని భార్యకు మూడు నెలలు పట్టింది. ఆమె సిటీ బస్సు డ్రైవరు. తెల్లవారుతూనే డ్యూటీకి వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే మనిషికి బీరువాలు వెతికే తీరిక తక్కువ. ఒకరోజు చేతిరుమాళ్ళు కూడా అంచులు నిలబడేలా ఇస్త్రీ అయి కనిపించేసరికి అనుమానం వచ్చింది. మర్నాడు గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా మాయమైంది. అదీ లాండ్రీకే వెళ్ళిందని తేలింది.

"ఎవరావిడ?" అని అడిగింది.

"ఆవిడ కాదు, సైకిలు," అన్నాడు పళ్ళాయన.

ఆమె, ఆవిడైనా బాగుండేది అన్నట్టు నిట్టూర్చి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది.

పళ్ళాయన అంటే పళ్ళ డాక్టరు కాదు. డాక్టరు పీకేసిన చోట పెట్టుకోవడానికి పళ్ళు చేసిచ్చే మనిషి. క్లినిక్ వెనక గదిలో కూర్చుని, ముందు గది నుంచి వచ్చిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గులాబీ రంగు మైనం మీద పళ్ళను ఒక్కొక్కటిగా నిలబెడతాడు. చేతిలో పనితనం ఉంది, ఎవరూ కాదనరు. అంతకంటే పెద్ద విద్య ఇంకొకటి ఉందని అతని నమ్మకం. పాత రేసు సైకిళ్ళ గురించి అతనికి తెలియనిది లేదు. ఏ ఫ్రేముకు ఏ గొట్టం వాడారో, ఏ కంపెనీ ఏ ఏడాది గేర్లు మార్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. సైకిలు ఎక్కడం మాత్రం మానేసి పందొమ్మిదేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులు.

లాండ్రీలో ఉన్న సైకిలు గోడకు, ఉతికిన కోట్ల వరసకు పైన, కప్పీ తాడుకు వేలాడుతూ ఉండేది. మబ్బు రంగు నీలం. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, నున్నబడిన తోలు సీటు, ఫ్రేముకే బిగించిన గేరు మీటలు. గొట్టాలు కలిసే చోట ఎవరో చేత్తో అరగదీసి చెక్కిన ఆకు నగిషీ. మొదటిసారి దాన్ని చూసినప్పుడు పళ్ళాయన చేతిలో ఒక కోటుంది. అదెందుకు తెచ్చాడో మరిచిపోయి మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళిపోయాడు. పదిహేనేళ్ళ వయసులో అతను రోడ్డు పక్కన నిలబడి ఒక సైకిలు పందెం చూశాడు. ముప్పై సైకిళ్ళు కళ్ళ ముందు నుంచి దూసుకుపోయాయి. అంతా కలిపి తొమ్మిది సెకన్లు. ఆ తొమ్మిది సెకన్లను అతను ముప్పై ఒక్క ఏళ్ళుగా నెమరేస్తున్నాడు.

సైకిలు కింద ఒక అట్టముక్క. దాని మీద పెద్ద అక్షరాలతో ఒకటే మాట: అమ్మను. కొత్తగా వచ్చినవాళ్ళలో కొందరు దాన్ని వేరేలా చదువుకుని, అమ్మ మీద ఎంత ప్రేమో అని మెచ్చుకుని పోయేవారు. లాండ్రీ నడిపే పెద్దమ్మ వాళ్ళను సరిదిద్దేది కాదు. ఆమెకు డెబ్బై ఒకటి. సన్నగా, పొట్టిగా ఉండేది. నోట్లో పళ్ళు నాలుగో ఐదో మిగిలాయి. మాట తక్కువ, ఉన్న కాస్తా కటువు.

పళ్ళాయన మొదట ధర మీరే చెప్పమన్నాడు. ఆమె అట్టముక్క వైపు చూపించింది. వారం తర్వాత వచ్చి, ఇస్త్రీ ఆవిరికి ఉక్కు తుప్పు పట్టిపోతుందని, అంత అపురూపమైన వస్తువును కాపాడటం తెలిసినవాళ్ళ బాధ్యత అని ఉపన్యాసం ఇచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పట్టని తుప్పు మీ రాకతో పడుతుందేమో అందామె. ఆ తర్వాత బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. బావమరిది ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టే దళారి. లోకంలో అమ్ముడుపోని వస్తువంటూ ఉండదని, అమ్మించలేని మనుషులే ఉంటారని అతని సిద్ధాంతం. నన్ను పది నిమిషాలు ఆవిడతో వదిలెయ్ బావా అని లోపలికి వెళ్ళి, నలభై నిమిషాలకు మూడు కంబళ్ళు ఉతకడానికి ఇచ్చిన రసీదుతో బయటికొచ్చాడు.

భార్య ఇదంతా విని, మీ ఇద్దరికీ కలిపి పెద్దమ్మ దగ్గర బేరాల కోర్సు ఒకటి పెట్టిస్తే బాగుపడతారంది.

అదే రోజుల్లో పళ్ళాయనకు అదృష్టం తలుపు తట్టినట్టనిపించింది. ముందు గది నుంచి వచ్చిన ఒక కొత్త అచ్చుకు కట్టిన చీటీ మీద లాండ్రీ చిరునామా ఉంది. పెద్దమ్మ మిగిలిన పళ్ళు కూడా తీయించేసుకుని కట్టుడు పళ్ళ సెట్టుకు అచ్చు ఇచ్చి వెళ్ళిందన్నమాట. పళ్ళాయన తలుపు గడియ పెట్టుకున్నాడు. ఏ సెట్టునైనా నాలుగు రోజుల్లో దింపేవాడు దానికి పదకొండు రోజులు తీసుకున్నాడు. ముందు పళ్ళలో ఒకదాన్ని ఆవగింజంత పక్కకు తిప్పాడు, సొంత పన్నులా కనిపించాలని. రెండో వరసను మూడుసార్లు కరిగించి మళ్ళీ పేర్చాడు. అంత శ్రద్ధ తన పెళ్ళికి ముందు అతను దేని మీదా పెట్టలేదు. తర్వాత సంగతి అతని భార్య చెప్పాలి.

సెట్టు పెట్టుకున్న మూడో రోజున పెద్దమ్మ అతన్ని వెతుక్కుంటూ వెనక గదికే వచ్చింది. ముఖంలో పదేళ్ళు తగ్గాయి. ఇంత హాయిగా నోరు కదిపి ఎన్నాళ్ళయిందో అని మెచ్చుకుంది. ఇక సైకిలు తనదే అనుకున్నాడు పళ్ళాయన.

"ఇన్నాళ్ళూ పళ్ళు లేక నా మాట మీకు సరిగ్గా వినబడి ఉండదు బాబూ," అందామె. "ఇప్పుడు వినండి. అమ్మను."

ప్రతి అక్షరం గాజు మీద గీసినట్టు పలికింది. పనితనం అలాంటిది.

దాంతో ఇంకొకడైతే వదిలేసేవాడు. పళ్ళాయన మాత్రం అసలు కారణం దొరికిందనుకున్నాడు. అది పోయిన భర్త జ్ఞాపకం. వేరే ఏముంటుంది? వారం రోజులు మాటలు కూర్చుకుని, షాపులో ఎవరూ లేని మధ్యాహ్నం చూసి వెళ్ళాడు. గొంతు తగ్గించి, మీవారు ఈ సైకిలు మీద ఎంత వేగంగా వెళ్ళి ఉంటారో ఊహించుకోగలనన్నాడు. గోడకు వేలాడుతుంటే పైన ఆయన ఆత్మ ఎంత విలవిల్లాడుతుందో అన్నాడు. రోడ్డు మీద మళ్ళీ తిరిగితే ఆయనకు శాంతి కలుగుతుందన్నాడు. ఆ మాట దగ్గర అతనికే కళ్ళు చెమర్చాయి.

పెద్దమ్మ అంతా విని, వెనక్కి తిరిగి పిలిచింది. "ఏమండోయ్, మీ ఆత్మకు శాంతి కావాలా?"

షాపు వెనక భాగంలో బల్ల దగ్గర ప్యాంటు ఇస్త్రీ చేస్తున్న ముసలాయన తలెత్తాడు. కొంచెం ఆలోచించి, ఇప్పుడు వద్దులే, ఇంకా ఆరు చొక్కాలున్నాయి అన్నాడు.

ఏడు నెలలుగా పళ్ళాయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న చెయ్యి అదే. సైకిలు మీద నుంచి చూపు దించి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కనిపించేవాడు.

పెద్దమ్మ నవ్వడం అతను అప్పుడే మొదటిసారి చూశాడు. తాను చేసిన పళ్ళన్నీ కనిపించాయి. నవ్వడం అయ్యాక ఆమె చెప్పింది. సైకిలు తనది. పందొమ్మిదో ఏట నుంచి ఆరేళ్ళు పందేల్లో తొక్కింది. నూట అరవై కిలోమీటర్ల పందెంలో నాలుగు సార్లు నాలుగో స్థానం. మొదటి ముగ్గురికి కప్పులిచ్చి, ఫోటోలు తీసి, పేపర్లో వేశారు. నాలుగో మనిషికి మంచినీళ్ళిచ్చారు.

"నేను తొక్కానని చెప్పడానికి నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు బాబూ. ఇదొక్కటే ఉంది. దీన్ని మీకిచ్చేసి, నేనూ ఒకప్పుడు తొక్కేదాన్నని చెబితే నన్నెవరు నమ్ముతారు?"

పళ్ళాయన బుద్ధి తెచ్చుకుని, ఇంకెప్పుడూ అడగనన్నాడు. ఒకప్పుడు అంటున్నారు గానీ, ఎప్పుడు ఆపేశారని మాత్రం అడిగాడు. ఆపడమేమిటి, పోయిన ఆదివారం కూడా తొక్కానందామె. ఆదివారం షాపుకు సెలవు. తెల్లవారుతూనే సైకిలు దించి, ఊరి బయట గుట్ట ఎక్కి దిగి, ఎండ రాకముందే మళ్ళీ గోడకెక్కిస్తుంది. ఆ టైర్లకు అంటుకున్న మట్టిని పళ్ళాయన చాలాసార్లు చూశాడు. పాత పందేల నాటి మట్టి అనుకుని మురిసిపోయేవాడు.

వచ్చే ఆదివారం ఏదైనా సైకిలు తెచ్చుకుని వెనక రమ్మంది పెద్దమ్మ. గుట్ట దాటాక తనది ఒక ఫర్లాంగు తొక్కనిస్తానంది.

పళ్ళాయనకు సైకిలెక్కడిది? బావమరిది కూతురిది అడిగి తెచ్చుకున్నాడు. ఊదా రంగుది, ముందు పూల బుట్ట ఉంది. ఆ వైభోగం చూడటానికి భార్య కూడా సెలవు రోజున పొద్దున్నే లేచి, స్కూటర్ మీద వెంట బయల్దేరింది. గుట్ట మొదట్లోనే పెద్దమ్మ కనుమరుగైంది. పళ్ళాయన సగం దాకా తొక్కాడు, మిగతా సగం తోశాడు. భార్య పక్కనే నడక వేగంతో స్కూటర్ నడుపుతూ, తర్వాతి స్టాపు ఎక్కడో ప్రయాణికులకు చెప్పినట్టు చెబుతూ వచ్చింది.

పైకి చేరాక పెద్దమ్మ మాట నిలబెట్టుకుంది. సైకిలు అతని చేతికిచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళ కోరిక. పళ్ళాయన సీటు మీద కూర్చుని మొదటి తొక్కు తొక్కగానే మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది. రెండో తొక్కుకు రెండో మోకాలు. ఆ సైకిలు అయిదడుగుల మనిషి కోసం కొలిచి చేసింది. అతను ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. నగిషీ చెక్కిన మనిషి చెయ్యివాటం కూడా గుర్తుపట్టిన నిపుణుడు, సైకిలు తనకు చిన్నదన్న సంగతి ఏడు నెలలుగా కనిపెట్టలేకపోయాడు. ఫర్లాంగు పొడుగునా మోకాళ్ళు రెండు పక్కలకూ పరుచుకుని, కప్పలా తొక్కాడు. అయినా దిగేటప్పుడు అతని ముఖం చూసి భార్య ఏమీ అనలేదు. అనాలని చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చిన మనిషే.

పెద్దమ్మ మాత్రం అతన్ని వదిలి ఆమెను కిందికీ పైకీ చూసింది. "రోజూ బస్సు నడుపుతావటగా. కాళ్ళల్లో బలముంటుంది. ఎక్కమ్మా."

నాకెందుకండీ ఇవన్నీ అంటూనే ఆమె ఎక్కింది. సైకిలు కుట్టించుకున్న బట్టలా సరిపోయింది. ఒక్కసారి వెనక్కి చూసి, గుట్టకు అవతలి వైపు దిగిపోయింది. ముప్పావు గంట తర్వాత తిరిగొచ్చింది. ముఖం కందిపోయి ఉంది, జుట్టంతా రేగిపోయింది. ఎక్కడిదాకా వెళ్ళావని పళ్ళాయన అడిగితే, చాలా దూరం అని మాత్రం చెప్పి, నీళ్ళు తాగి, పెద్దమ్మను గేర్లు మార్చే పద్ధతి అడిగింది.

ఆ తర్వాత వరసగా ఆదివారాలు ఆ ఇద్దరే వెళ్ళసాగారు. పెద్దమ్మ తన సైకిలు మీద, ఆమె వాయిదాల్లో కొనుక్కున్న కొత్త సైకిలు మీద. గుట్ట మీద మార్చుకునేవారు. పళ్ళాయన వాళ్ళకు నీళ్ళ సీసాలు నింపి, చైన్లకు నూనె పెట్టి, లాండ్రీ ముందు బల్ల మీద కూర్చునేవాడు. కోరిక తగ్గిందా అంటే లేదు. చిన్నదని తెలిశాక తగ్గాలి కదా అని తనకు తాను చెప్పి చూసుకున్నాడు. కోరిక మాత్రం వినలేదు.

ఒక ఆదివారం ఇస్త్రీ పెద్దాయన రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్ళు వెళ్ళిన వైపు చూస్తూ సగం టీ తాగాడు.

"మీరు నయం బాబూ, నోరు తెరిచి అడిగారు," అన్నాడు చివరికి. "ముప్పై ఎనిమిదేళ్ళుగా నేనూ దాన్నే చూస్తున్నా. ఒక్కసారి ఎక్కుతానని అడగలేదు."

"ఎందుకని?"

"నాకు సైకిలు రాదు. అంత తొక్కే మనిషిని చేసుకుని, నేర్పమని ఏ ముఖంతో అడగను?"

పళ్ళాయన టీ గ్లాసు కింద పెట్టాడు. బావమరిది కూతురి ఊదా రంగు సైకిలు ఇంకా తిరిగివ్వలేదు. గోడకు చేరవేసి ఉంది. లేవండి అన్నాడు. పెద్దాయన వద్దంటూనే పంచె పైకి కట్టాడు. ఒక షరతు పెట్టాడు, మధ్యలో చెప్పకుండా చెయ్యి వదిలెయ్యకూడదని. పళ్ళాయన ఒట్టేశాడు.

ఖాళీగా ఉన్న వీధిలో డెబ్బై నాలుగేళ్ళ మనిషి పూల బుట్ట సైకిలు మీద వంకరటింకరగా కదిలాడు. సీటు పట్టుకుని, మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి, పళ్ళాయన పక్కనే పరిగెత్తాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. వీధి చివరిదాకా వెళ్ళి ఇద్దరూ ఆయాసంతో ఆగారు. మలుపు తిరగడం పై వారం నేర్పుతానన్నాడు పళ్ళాయన. పై వారం దాకా ఎవడు చూడొచ్చాడు, ఇప్పుడే తిప్పండి అన్నాడు పెద్దాయన.