నిలబడి గీసిన బొమ్మల పుస్తకం

బద్వేలులో గాబ్రియేలు రాయని గోడ లేదని చెప్పుకునేవారు. ఎరువుల కొట్ల పేర్లు, బడి గోడల మీద పాఠాల బొమ్మలు, సినిమా హాలు ప్రకటనలు, అన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చిన రెండేళ్లకే ఆ పని సన్నగిల్లింది. యాభై ఏళ్ల వయసులో ఇళ్లకు రంగులు వేయడానికి పోసాగాడు. ఆదివారాలు మాత్రం పాత సినిమా పోస్టర్లను తిరగేసి గోడకు తగిలించి, వాటి మీద బొగ్గుతో బొమ్మల కథలు గీసుకునేవాడు. గీసినవాటిని చుట్టి దాచుకునే అలవాటు లేదు. పనికి పోయిన చోట నేల మీద రంగు చుక్కలు పడకుండా వాటినే పరిచేవాడు.

2007 వేసవిలో వేణుగోపాల్ అనే ఆయన ఇంట్లో అలాగే పరిచాడు. వేణుగోపాల్ మంగంపేటలో ఒక ముగ్గురాయి (బెరైటీస్) గనిలో కూలీల భద్రత చూసే ఉద్యోగి. ఆయన వంగి, ఒక్కో పోస్టరూ చదువుకుంటూ గది ఆ చివరిదాకా పోయాడు.

"ఏమప్పా, ఇవి నువ్వే గీసినావా? మా గనిలో జాగ్రత్తల కాగితాలు పంచితే ఒక్కరూ సదవరు. ఇట్ల బొమ్మల కథగా ఇరవై పేజీలు గీసిస్తావా?"

"గీస్తా సార్."

"ఒకటే మాట. మా పెద్దసార్లు మార్పులు శానా చెప్తారు. కంప్యూటర్లో అయితేనే కుదురుతాది."

గాబ్రియేలు అంతవరకు కంప్యూటర్ ముట్టుకోలేదు. అయినా ఒప్పుకుని, మరునాడు హరిత దగ్గరికి వెళ్లాడు. హరిత కిరాణా వ్యాపారస్తుల ఇంటి పిల్ల. తండ్రి అంగడి పక్క గదిలో డీటీపీ సెంటర్ పెట్టి పెళ్లిపత్రికలు, ప్రశ్నపత్రాలు తయారుచేసేది. విషయం విని సంబరపడింది.

మొదట కోరెల్‌డ్రా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ తెరిచి మౌస్ ఆయన చేతికిచ్చింది. గాబ్రియేలు తట్ట ఎత్తుకున్న ఆడమనిషిని గీయబోతే గీత నాలుగు వంకర్లు తిరిగింది.

"సబ్బుబిళ్ళతో గీసినట్టుండాదమ్మా."

"సరిచేయొచ్చులే అన్నా," అని హరిత గీత మీది చుక్కలను పట్టి లాగి నున్నగా చేసింది. ఆయన కళ్లు చికిలించి చూశాడు.

"బాగుండాది. కానీ ఈమె కూలికి పోయే మనిషి కాదు, ఫ్లెక్సీలో నవ్వే మనిషి."

హరితకూ అది నిజమే అనిపించింది. ఫోటోషాప్ వాడదామంటే తన పాత మెషీన్ పెద్ద పేజీని మోయలేదు. అప్పుడు కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో జింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న సంగతి గుర్తొచ్చింది. అది ఉచితం. మెషీన్‌కూ తేలిక. అందులో లేయర్ల సంగతి ఆయనకు ఇలా చెప్పింది:

"అద్దాల మీద గీసినట్టన్నా. ఒక అద్దం మీద గీత, దాని పైన ఇంకో అద్దం మీద రంగు. ఒకటి తుడిస్తే రెండోది చెదరదు."

ఒక అక్షరం తప్పు పడిందని గోడంతా సున్నం కొట్టిన రోజులున్న మనిషి. నమ్మలేక పదిసార్లు రంగు తుడిపించి చూసుకున్నాడు. "ఇదే కావాలమ్మా మనకు," అన్నాడు.

ఇక మౌస్‌కు బదులు ఏదైనా కావాలి. హరిత కడపలో తెలిసిన అంగడివాళ్లకు చెప్పి, హైదరాబాదు నుంచి పెన్ టాబ్లెట్ తెప్పించింది. నోటుపుస్తకమంత నల్లటి పలక, దానికో పెన్ను. పలక మీద గీస్తే బొమ్మ తెర మీద పడుతుంది. గాబ్రియేలు కుర్చీలో కూర్చుని పది రోజులు సాధన చేశాడు. గీత వణకడం మానలేదు. పదకొండో రోజు పెన్ను కింద పెట్టేశాడు.

"నా చెయ్యి పోయినాదమ్మా. సార్‌కు రాదని చెప్తా."

"యాడ తప్పుతాందో నాకు చెప్పి పో అన్నా."

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. "తట్ట మోసే మనిషి భుజం ఇట్ల దిగాల. నడుము ఇట్ల తిరగాల," అని వట్టి వేలితో గోడ మీద గీసి చూపించాడు. వేలు ఎక్కడా తడబడలేదు. హరిత కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి. వేలు కాదు, భుజం నుంచి చెయ్యంతా కదులుతోంది.

"అన్నా, నువ్వు ఎప్పుడన్నా కూసోని గీసినావా?"

ఆయన ఆలోచించాడు. "గోడ కాడ కూసుంటే ఎట్లమ్మా గీసేది?"

ఆ సాయంత్రమే ఒక చెక్కను గోడకు మేకులు కొట్టి బిగించారు. దానికి సైకిలు ట్యూబు ముక్కలతో టాబ్లెట్‌ను కట్టారు. మానిటర్‌ను ఎత్తయిన బల్ల మీదికి ఎక్కించారు. గాబ్రియేలు నిలబడి గీశాడు. మొదటి గీతే తట్ట అంచు నుంచి మడమ దాకా ఒకే ఊపులో దిగింది.

తర్వాత ఆయన నాలుగు రోజులు మంగంపేటలో ఉండి పని చూసి వచ్చాడు. రాళ్లు ఏరే ఈరక్క అనే మనిషిని కల్పించి, ఆమె నోటితోనే జాగ్రత్తలన్నీ చెప్పించాడు. మాటల బుడగల్లో హరిత కంప్యూటర్ అక్షరాలు పెట్టి చూపిస్తే, "ఈరక్క ప్రశ్నపత్రం సదివినట్టుండాది," అని తీసేయించి, పెన్నుతో తనే రాసుకున్నాడు. కోపంలో అక్షరాలు లావెక్కేవి, గుసగుసలో చిక్కిపోయేవి.

పెద్దసార్లు నిజంగానే మార్పు చెప్పారు. ఎనభై ఆరు బొమ్మల్లోనూ అందరికీ హెల్మెట్లు ఉండాలట. అన్నీ మళ్లీ గీయాలనుకుంది హరిత. గాబ్రియేలు మాత్రం, "ఇంకో అద్దం వేయమ్మా," అని నవ్వాడు. మూడు రోజుల్లో అందరి తలల మీద హెల్మెట్లు కూర్చున్నాయి.

పుస్తకాలు పంచిన రోజు ఇద్దరూ మంగంపేట పోయారు. షిఫ్టు దిగిన ఆడవాళ్లు ఒకచోట గుంపుకట్టారు. చదువొచ్చిన ఒకామె బిగ్గరగా చదువుతుంటే మిగతావాళ్లు ఈరక్క తిట్లకు పగలబడి నవ్వారు. తిమ్మమ్మ అనే ముసలామె హెల్మెట్ తాడు బొమ్మను వేలితో తడిమి, తన గడ్డం కింద తాడు బిగించుకుంది.

"నువ్వు ఈడ పనిచేసినోడివా అప్పా?" అని అడిగింది గాబ్రియేలును.

"లేదమ్మా. సూసి గీసినా."

"బాగ సూసినావు," అందామె.

తిరుగు బస్సులో గాబ్రియేలు హరితకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు. పెద్ద కథ ఒకటి మనసులో ఉందని, ఎవరూ అడగకపోయినా గీయాలని ఉందని చెప్పాడు. చెప్పమంది హరిత. బస్సు రాజంపేట దాటేసరికి ఆ కథలోకి ఏడుగురు మనుషులు వచ్చారు. వాళ్లలో ఇద్దరికి ఆమే పేర్లు పెట్టింది.