బోర్డు లేని గది

మీటింగు ఎక్కడ అని మాత్రమే అడిగాను, ఏ మీటింగో చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ వాచ్‌మన్ నన్ను నాలుగో అంతస్తుకు పంపేవాడు కాదు, లిఫ్టు మరమ్మతు గురించి అరుచుకుంటున్న ఈ పాతికమంది మధ్య పావుగంటగా నేను కూర్చుని ఉండేదాన్నీ కాదు, ఇది ఫ్లాట్ల యజమానుల సంఘమని రెండో నిమిషంలోనే తెలిసింది, అయినా లేవలేదు, లేస్తే ఎక్కడికండీ అంటారు, అరవై ఎనిమిదేళ్ల మనిషిని, ముప్పై ఒక్క సంవత్సరాలు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసినదాన్ని, తాగుడు మానడానికి సాయం చేసేవాళ్ల గదిని వెతుక్కుంటూ వచ్చానని పరాయివాళ్లకు ఎలా చెప్పడం, నాలుగు రోజులుగా ముట్టలేదు, ఐదో రోజు మీద నమ్మకం లేకనే వాళ్ల నంబరుకు ఫోన్ చేసి ఈ చిరునామా రాసుకున్నాను, సెక్రెటరీ కాబోలు, నావైపు తిరిగి, మీది ఏ బ్లాకు మేడమ్, మీరేమంటారు అన్నాడు, మోటారు మారిస్తే ఏం లాభం, ముందు తాడు మార్చండి అన్నాను, శాఖలో అలవాటైన గొంతు, మేడమ్ చెప్పిందే కరెక్టండీ అని ఒకాయన, చేతులెత్తి తీర్మానం కూడా చేసేశారు, ఈ కట్టడంలో ఒక్క ఇటుకైనా లేని మనిషి మాటకు ఇంత విలువా అని సిగ్గేసి లేచాను.

రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాను, మా వంటావిడ పని పోయిన రోజు సంచి చంకన పెట్టుకుని మా మెట్లు ఇంతకంటే భారంగా దిగింది, పన్నెండేళ్లు మా వంటింట్లో నిలబడిన మనిషి, మా అల్లుడు తన సీసాలో మందు నీళ్లలా ఉందని భోజనాల బల్ల దగ్గర గొడవచేస్తే అమ్మాయి ముందూ వెనకా చూడకుండా ఆమెనే అడిగింది, నీ పనేనా, ఆమె నావైపు తిరిగింది, మీరైనా చెప్పండి పెద్దమ్మగారూ, అడక్కుండా ఈ ఇంట్లో గ్లాసుడు నీళ్లయినా తాగానా నేను, నేను పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాను, ఎందుకంటే ఆ సీసా ఖాళీ చేసినదాన్ని నేను, తాగినంత మేరా నీళ్లు పోసి పెట్టినదాన్ని నేను, తప్పుడు కొలతలు వాడిన దుకాణాలకు సీళ్లు వేయించిన ఈ చేతులతో, చుక్క తేడా రాకుండా పోశాను, మాట్లాడవలసిన చోట మాట్లాడకపోవడం రెండు అబద్ధాలతో సమానమని కాన్వెంటులో సిస్టరు చేత బెంచీ ఎక్కించుకుని నేర్చుకున్నదాన్ని, ఒక్క ముక్క అనలేదు, ఆమె వెళ్లి ఇరవై మూడు రోజులు, నాలుగిళ్లలో పని అడిగిందట, తాగుతుందటగా అని నాలుగిళ్లూ తలుపు వేసుకున్నాయట, ఆ మాట ఆమె కంటే ముందే చేరింది, చేరవేసింది మా అమ్మాయి ఫోనే.

ఈసారి వాచ్‌మన్ ముఖంలోకి చూసి అడిగాను, తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చునే గది ఏది బాబూ, అతను నవ్వలేదు, ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మగారూ, ఊరికే నాలుగంతస్తులు ఎక్కారు, రెండో అంతస్తు, ఎడంపక్క, బోర్డుండదు, గుమ్మం బయట చెప్పులుంటాయి చూస్కోండి, చెప్పులున్నాయి, తొమ్మిది జతలు, నావి పదో జత, లోపల ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీలో టీ ఫ్లాస్కు, బస్సు డ్రైవరొకాయన తన సంగతి చెబుతున్నాడు, ఎవరూ అడ్డు రావడం లేదు, ఆహా అనడం లేదు, అయ్యో అనడం లేదు, నా వంతు వచ్చింది, నిలబడే చెప్పాను, సీసా, నీళ్లు, పళ్లెం, వంటావిడ, ఏదీ దాచలేదు, చెప్పాక కూడా నిలబడే ఉన్నాను, ఎవరైనా ఛీ అంటారని, థాంక్సమ్మా అన్నారు, అంతే, పక్కనున్న పోస్ట్‌మన్ తన కథ మొదలుపెట్టేశాడు, ఇదేం న్యాయం, మా శాఖలో నేరం ఒప్పుకున్నవాడి మీద కూడా కేసు రాసేవాళ్లం కదా.

టీ దగ్గర ఆ గదిలోని ఒక పిల్లను అడిగేశాను, బ్యూటీ పార్లరు నడుపుతుందట, మనవరాలి ఈడుది, నా మీద నీకు కోపం రాలేదా అంటే, వచ్చింది పిన్నిగారూ, ఎందుకు రాదు, కానీ ఏం చెయ్యమంటారు, ఇక్కడ అందరం ముద్దాయిలమే, జడ్జిగారి కుర్చీ ఇంకా కొనలేదు మేము, అని కప్పు చేతికిచ్చి, మానడానికైతే రోజూ రండి, పక్కన కూర్చుంటా, అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్యండి, ఆవిడ సంగతి మాత్రం మాతో తేలేది కాదు, మాకేం అన్యాయం చేశారు మీరు.

రోడ్డు మీదికి వచ్చాను, దీపాలు ఇప్పుడే వెలుగుతున్నాయి, గది దొరికినందుకు, నోరు తెరిచినందుకు గర్వపడబోయాను, ఆగు, ఆ భోజనాల బల్ల దగ్గరున్నవాళ్లలో ఒక్కరూ ఆ గదిలో లేరు, అందుకే అంత ధారాళంగా చెప్పగలిగావు, పోనీ వంటావిడ ఇంటికే వెళ్లి చేతులు పట్టుకుంటే, పట్టుకుంటే ఏమవుతుంది, ఊరుకోండి పెద్దమ్మగారూ అంటుంది, నా ముఖమే తుడుస్తుంది, క్షమించేస్తుంది, నేను తేలికపడి ఇంటికి వస్తాను, నాలుగిళ్ల తలుపులు మాత్రం అలాగే మూసి ఉంటాయి, అదీ దొంగతనమే, ఆమె దగ్గర మిగిలిన మంచితనాన్ని కూడా నేనే ఎత్తుకొచ్చినట్టు, కాదు, ముందు ఈ పూట భోజనాల దగ్గర, అమ్మాయి ఎదుట, అల్లుడి ఎదుట, ఆ తర్వాత నాలుగిళ్లకూ నా కాళ్లతో నేనే వెళ్లి, తలుపు కొట్టి, ఆమె పేరు పెట్టి, గొంతు తగ్గించకుండా, నేను తాగానని చెప్పడం అందులో సగమే, ఆమె తాగలేదని చెప్పాలి, ఆ మాట నేను తప్ప ఈ లోకంలో మరెవ్వరూ చెప్పలేరు.