చింతపండుకు వదలని మరక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. శృంగవరపుకోటలో మా నాన్న స్టీలు సామాన్ల కొట్టులో గీసిగీసి బేరమాడేవాళ్లను చూసి చూసి వచ్చిన గుణమని మా అమ్మ అంటుంది. కానీ ఆ వారం నేను కోప్పడాల్సింది నా మీదే. అది తెలియడానికి మూడు రోజులు పట్టింది.

విజయనగరంలో ఒక కాలేజీ లేబులో ఐదేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. ఎండతో వచ్చిన కరెంటును అమ్మోనియాగా మార్చి దాచుకోవచ్చు. కావలసినప్పుడు ఆ అమ్మోనియాను విడగొడితే హైడ్రోజన్ వస్తుంది, దాంతో మళ్లీ కరెంటు. చిక్కంతా విడగొట్టడంలోనే ఉంది. అందులో నైట్రోజన్, హైడ్రోజన్ ఒకదాన్నొకటి ఓ పట్టాన వదలవు. రుథేనియం అనే లోహం తగిలితే ఆ పట్టు సడలుతుంది. కానీ అది బంగారంలా అరుదైన సరుకు. మన చీపురుపల్లి వైపు నేలలో దొరికే మాంగనీసుతో ఆ పని చేయించాలని నా పంతం.

ఇదంతా ఒకరోజు మా లేబు అటెండరు జగ్గమ్మకు చెప్పాను.

"ఓసింతేనా హైమమ్మా! సింతపండు లాటిదన్నమాట," అంది. "పులుపు తగిల్తే రాగిసెంబు మీద మరక పట్టు వదిలేస్తాది. ఆపైన బలమెందుకు, అలా తోమితే పోతాది."

నా పనిని అంత తేలిగ్గా చెప్పినవాళ్లు లేరు. మా ప్రొఫెసర్ ఉమాపతిగారు కూడా క్లాసులో అదే చెప్పడం మొదలుపెట్టారు.

జగ్గమ్మ భర్త ముప్పయ్యేళ్లు గనిలో మాంగనీసు తవ్వాడు. పోయి ఆరేళ్లయింది. అతను ఇంటికి తెచ్చిన నల్లరాయినొకదాన్ని ఆమె గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునేది. నా పంతం విన్న మర్నాడు ఆ రాయిని కొంగున కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దాన్ని పొడిచేసి, శుద్ధిచేసి, గాజులాంటి క్వార్ట్జ్ గొట్టంలో పోసి వేడిచేసి అమ్మోనియా పంపాను. నూటికి ఎనభై రెండు పాళ్లు విడిపోయింది! నేను గెంతులేశాను. జగ్గమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఆడు పోయినా ఆడి రాయి దీపమెట్టినాది," అని ఊరంతా చెప్పుకుంది. వచ్చే శుక్రవారం చూడడానికి విశాఖపట్నం నుంచి ఒక కంపెనీవాళ్లు వస్తామన్నారు.

"వాళ్లు వచ్చేలోగా కొత్త గొట్టంలో మరోసారి చెయ్యమ్మా," అన్నారు ఉమాపతిగారు.

చేశాను. నూటికి నాలుగు. మర్నాడూ నాలుగే. సిలిండరు తెచ్చినవాణ్ని తిట్టాను, మీటరును తిట్టాను, స్టూలును తన్నాను. మూడోరోజు పొద్దున్న పాత గొట్టాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకు చూశాను. లోపలి గోడకు పల్చగా బూడిదరంగు పొర.

అంతకుముందు ఆ గొట్టంలో రుథేనియం వాడాను. వాడాక రసాయనం కలిపిన మందునీళ్లలో రాత్రంతా నానబెట్టి కడగాలి. కడిగినవాళ్లు రిజిస్టర్లో సంతకం పెట్టాలి. సంతకం నాదే. కడిగింది నేను కాదు. ఆరోజు మా అన్నకు పెళ్లిచూపులు. బస్సుకు టైమైపోతోందని ముందే సంతకం గీకేసి, "జగ్గమ్మా, కాస్త కడిగిపెట్టవూ," అని పరుగెత్తాను.

"ఈ గొట్టం దేనితో కడిగావు?" అని జగ్గమ్మనడిగాను.

"సింతపండుతో. ఆ మందునీల్లకి సేతులు మండిపోతన్నాయమ్మా. సింతపండుతో తోమితే తళతళలాడినాది. ఏటైనాది?"

ఇంకేముంది, నోటికొచ్చినట్టు తిట్టాను. చదువూ సంధ్యా లేనిదానివన్నాను. నా ఐదేళ్లు బుగ్గిచేశావన్నాను. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. అరచేతుల్లో తోలు ఊడిపోయి ఉండడం నాకు కనిపించనే కనిపించింది. గ్లౌజులు నా బీరువాలో ఉన్నాయి. ఒక్కరోజూ ఆమెకివ్వలేదు.

నా అరుపులకు ఉమాపతిగారు వచ్చారు. జరిగింది విని, "అయితే ఆ ఎనభై రెండు రుథేనియం చలవన్నమాట," అని కుర్చీలో కూలబడ్డారు. "ఎవరు కడిగారు?"

"నానే బాబూ," అంది జగ్గమ్మ. "బుద్ధి గడ్డి తిన్నాది. హైమమ్మకి ఏటీ తెల్దు."

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. సార్ ఒక్కమాట అంటే రేపటినుంచి రానక్కర్లేదు. జగ్గమ్మ తప్పు తన మీద వేసుకోగానే నాకు హాయిగా అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, హాయిగానే అనిపించింది. తప్పుకు మనిషి దొరికింది. నేను నోరు మూసుకుంటే చాలు. కాసేపు మూసుకున్నాను కూడా.

జగ్గమ్మ నావైపు చూసి, పర్వాలేదన్నట్టు తలూపింది. ఆ తలూపు నేను భరించలేకపోయాను.

రిజిస్టరు తెచ్చి సార్ ముందు తెరిచిపెట్టాను. "సంతకం నాది సార్. కడగకుండా పెట్టాను. కడగాల్సింది నేను. కంపెనీవాళ్లను రావద్దని చెప్పండి."

ఆయన ఆ పేజీని చాలాసేపు చూశారు. "నీ సిద్ధాంత గ్రంథం కనీసం ఏడాది వెనక్కి పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్."

"ఈ సంగతి మీద నీ చేత్తోనే రిపోర్టు రాసివ్వు," అని లేచి వెళ్లిపోయారు. జగ్గమ్మను ఏమీ అనలేదు.

మిగిలింది జగ్గమ్మకు చెప్పడం. అదే అన్నిటికంటే కష్టమైంది. బీరువాలోంచి గ్లౌజులు తీసి ఆమె ఒళ్లో పెట్టాను. "జగ్గమ్మా, నీ రాయి దీపం పెట్టలేదు. ఆ పని గొట్టంలో మిగిలిన పాత మరక చేసింది."

ఆమె నేలచూపులు చూస్తూ, "మరి నా రాయి ఏటీ సెయ్యలేదా?" అంది.

"నాలుగు పాళ్లు చేసింది. నూటికి నాలుగు."

"ముప్పయ్యేల్లు తవ్వినాడు," అంది. "నాలుగన్నమాట."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా వీపు నిమిరి, నేనిచ్చిన గ్లౌజులు తిరిగి నా చేతికే ఇచ్చింది. "ఊరుకోమ్మా. నాలుగంటే ఉన్నాదనే గదేటి. ఏదీ, ఎలా కడగాలో నువ్వు సేసి సూపించు."

గ్లౌజులు తొడుక్కుని గొట్టాన్ని మందునీళ్లలో ముంచాను. ఆమె పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. రిజిస్టర్లో గడి ఆ రోజంతా ఖాళీగానే ఉంది. మర్నాడు పొద్దున్న గొట్టం తీసి, వెలుతురులో ఇద్దరం చూశాకే సంతకం పెట్టాను.