మధ్యలో ఇంకేం పెట్టొద్దు

పులిహోరకి చింతపండు గుజ్జు తీస్తుంటే ఫోన్ మోగింది. స్మృతి చేతులు రెండూ గిన్నెలో ఉన్నాయి. కాళ్ళ దగ్గర పదినెలల అనిక ఆమె పైజామా పట్టుకుని నిలబడాలని చూస్తోంది. ఆదివారం పొద్దున్నే ఎవరా అనుకుంటూ మోచేత్తో స్పీకర్ నొక్కింది.

పాటలతోనే నడిచే నాటకాలు వేసే డెట్రాయిట్ ఒపెరా కంపెనీ మేనేజర్. మధ్యాహ్నం రెండున్నర మాటినీలో రాణి పాత్ర పాడాల్సినామెకి గొంతు పూర్తిగా పోయింది. ఆ పాత్ర ఇటాలియన్‌లో కంఠతా వచ్చి, ఈ మంచులో కూడా టైమ్‌కి డ్రైవ్ చేసి రాగలిగేది స్మృతి ఒక్కతే. పది నిమిషాల్లో చెప్పమంది. లేకపోతే షో కాన్సిల్.

ఇదే కంపెనీ కిందటేడు రెండుసార్లు ఆమెని ఆడిషన్‌కి పిలవలేదు. అడిగితే, "పాపతో బిజీగా ఉంటావనుకున్నాం" అన్నారు, ఏదో మేలు చేసినట్టు. స్టేజి ఎక్కి పద్నాలుగు నెలలైంది. ఇవాళ కాదంటే ఇంకెప్పటికీ ఫోన్ రాదని ఆమెకి తెలుసు.

కానీ ఒంటిగంటకి భర్త శ్రీహర్ష ఆఫీసులో మేనేజర్ పద్మనాభం గారు, ఆయన భార్య శాంతి ఆంటీ భోజనానికి వస్తున్నారు. హర్ష రెండు నెలలుగా పిలుస్తున్న భోజనం.

"ఇవాళా?" అన్నాడు హర్ష సోఫాలోంచి లేవకుండానే. "వాళ్ళకి నేనేం చెప్పను? లంచ్ అయ్యాక నువ్వు పాడతావని కూడా చెప్పా. ఇక్కడే పాడుకోవచ్చుగా, అందరూ మనవాళ్ళే."

"అక్కడ రెండువేల ఏడొందల సీట్లున్నాయి హర్షా. మన సోఫాలో నాలుగు."

"అంటే మా వాళ్ళు లెక్కలోకి రారా?"

అత్తగారు ఛాయాదేవి అనికని ఎత్తుకుంటూ అంది. "పాలు తాగే పిల్లని వదిలి ఈ మంచులో ఎక్కడికే తల్లీ? పాటదేముంది, ఎప్పుడైనా పాడుకోవచ్చు."

పాడుకోవచ్చు. ఆ మాట దగ్గర స్మృతి చేయి గిన్నెలో ఆగిపోయింది. తను ఇక్కడే, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. చిన్నప్పుడు గుడిలో ఆదివారం తెలుగు క్లాసులో టీచరు చెప్పింది. వండాను అంటే ఎవరికోసమైనా కావచ్చు, వండుకున్నాను అంటే నాకోసం, మధ్యలో 'కు' అనే ఆ చిన్న ముక్క చేరితే పని మనదైపోతుంది అని. ఈ ఇంట్లో ఆమె వండుతుంది, ఉతుకుతుంది, తుడుస్తుంది. ఒక్క పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాడుకుంటుంది. "మా కోడలు ఏవో ఇంగ్లీషు పాటలు పాడుకుంటూ ఉంటుందండీ" అని ఫోన్లో చుట్టాలకి చెప్పే అత్తయ్యకి, అవి ఇంగ్లీషు కాదని ఒకసారి చెప్పి ఊరుకుంది. పెళ్ళయి బెంటన్‌విల్ వెళ్ళేటప్పుడు మ్యూజిక్ స్కూల్ చివరి ఏడాది వదిలేసింది. "డిగ్రీ ఎక్కడికి పోతుంది, తర్వాత చూద్దాం" అన్నాడు హర్ష. డిగ్రీ ఎక్కడికీ పోలేదు, రానూ లేదు. పట్టా లేకపోయినా వారానికి రెండుసార్లు రెండేసి గంటలు తుల్సాకి డ్రైవ్ చేసి ఒక ముసలి టీచరు దగ్గర నేర్చుకుంది. కోరస్‌లో చివరి వరసలో నిలబడింది, ట్రే పట్టుకునే దాసి వేషాలు వేసింది. అక్కణ్ణుంచి ఈ డెట్రాయిట్ దగ్గరికి మారాక కూడా ఆపలేదు. తొమ్మిదేళ్ళలో పదకొండు పాత్రలు, నాలుగు ఊళ్ళలో సింఫనీ కచేరీలు. ఒక పేపర్ ఆమె కింది స్వరాలని వానకి తడిసిన నల్లమట్టి అంది. "మట్టి అన్నారేంటి, అది కాంప్లిమెంటేనా?" అని హర్ష నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పటికీ తెలీదు.

భయం లేదని కాదు. సిజేరియన్ కుట్టు దగ్గర పై స్వరానికి ఇంకా లాగుతుంది. అనిక సీసా పట్టకపోతే? అరటిపండు ముక్క గొంతుకి అడ్డం పడితే? హైవే మీద కారు జారితే? ఇవన్నీ ఆమె బుర్రలో రోజూ తిరిగేవే. ఇంట్లో ఉన్నా తిరుగుతూనే ఉంటాయి.

గడియారం చూసింది. ఏడు నిమిషాలు అయిపోయాయి.

చేతులు కడుక్కుని ఫోన్ తీసింది. "వస్తున్నాను. గౌను నడుం దగ్గర కొంచెం వదులు చేయించండి" అంది. ఇంగ్లీషులో చెప్పిన ఆ రెండు ముక్కలూ అత్తయ్యకి కూడా అర్థమయ్యాయి.

"స్మృతీ, కనీసం వాళ్ళకి వడ్డించి వెళ్ళు" అన్నాడు హర్ష, ఇప్పుడు లేచి నిలబడి.

స్మృతి ఏప్రన్ విప్పి అతని చేతిలో పెట్టింది.

"గుజ్జు తీశాను. పోపు వేసుకో, అన్నం కలుపుకో, అందరూ వడ్డించుకోండి. పదకొండింటికి పాపకి పాలు. సీసా మణికట్టు మీద చూసి పట్టు, వేడిగా ఉంటే తాగదు." అనిక నెత్తి మీద ముద్దు పెట్టింది. చింతపండు వాసన పోలేదు, పిల్ల ఆ వేలు పట్టి చీకబోయి మొహం వికారంగా పెట్టింది.

బూట్లు తొడుక్కుంటూ చిన్నగా గొంతు సవరించింది. కింది స్వరం పలికింది. నల్లమట్టి అక్కడే ఉంది.

"మరి పద్మనాభం గారు అడిగితే ఏం చెప్పను?" ఏప్రన్ ఎలా కట్టుకోవాలో తెలీనట్టు పట్టుకుని అడిగాడు హర్ష.

స్మృతి తలుపు తీసింది. చలి లోపలికొచ్చింది.

"నా భార్య పాడుతుంది అని చెప్పు" అంది. "మధ్యలో ఇంకేం పెట్టొద్దు."