చచ్చురాయి

మా ఊరి వెనక రెండు కొండలు. నల్లకొండది గట్టిరాయి. వాన పడితే గంటలో నీరంతా గెడ్డలోకి దూకి, గట్లు కోసుకుంటూ పోతుంది. పుష్యమాసానికి ఆ గెడ్డలో ఇసుకే. రెండో కొండ రాయి పార తగిలితే రాలిపోతుంది. గోడకు పనికిరాదు, పునాదికి పనికిరాదు. అందుకే దాన్ని చచ్చుకొండ అన్నాం. ఎండాకాలమంతా మా బిందెలు నింపేది ఆ కొండ ఊటే.

నిరుడు సర్వేవాళ్లను కొండ మీదికి నేనే తీసుకెళ్లాను. రాయి ఎలాంటిదని అడిగారు. "సచ్చురాయండి. ఎందుకూ పనికిరాదు" అన్నాను. రాసుకుని సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి, కాగితం చదవగలను. చదవలేదు.

ఈ నెల బడిలో గ్రామసభ పెట్టారు. చచ్చుకొండను గ్రావెల్ తవ్వకానికి ఇస్తారట. వచ్చిన అధికారి కాగితం చదివాడు. "నిరుపయోగమైన కొండ. స్థానికుల వాంగ్మూలం ఉంది."

"ఆ వాంగ్మూలం ఎవుడిది?" అని లేచాను.

సర్పంచ్ అప్పలసూరి నవ్వాడు. పోయిన నా భార్యకు తమ్ముడు. "నీదే బావా. సంతకం సక్కగా ఎట్టినావు."

అందరూ నవ్వారు. ఆ ఊట నీళ్లు తాగే నోళ్లే.

"గోడకి సచ్చన్నాను గానీ, నీళ్లకి సచ్చన్నానేటి? నల్లకొండ మీద సుక్క నిలుస్తాదా? ఇది మెత్తది గనకే తాగుతాది, తాగి దాస్తాది."

అధికారి పక్కనున్న సుహాసిని తల ఎత్తింది. రాళ్ల చదువు చదివి ఉద్యోగంలో చేరిన అమ్మాయి, నిరుడు సర్వేకి వచ్చింది. "ఆయన చెప్పింది నిజమే సార్. మంచుకొండల్లోనూ అంతే. కరిగిన నీళ్లు ఒక్కసారే పారిపోతాయా, ఏడాదంతా ఊరుతాయా అన్నది కింద రాయిని బట్టి ఉంటుంది. ఇక్కడ మంచైనా లేదు. నీళ్లు దాచేది ఆ రాయొక్కటే."

"మరి సర్వేలో రాయలేదేం?"

"రాయి గురించే అడిగాం సార్. నీళ్ల గురించి అడగలేదు."

అడగలేదు! మూడు రోజులు ఆ ఊట నీళ్లే తాగారు.

"కూకో బావా. రోడ్డుకి గ్రావెల్ కావాల. నీళ్లకి బోరేయిస్తాను" అన్నాడు అప్పలసూరి.

"ఒరే, రెండు బోర్లేయించినావు. దుమ్మొచ్చింది. మీ అప్ప పోయేముందు గొంతులో పోసిన నీళ్లు ఎక్కడివిరా?"



నా పాత వాంగ్మూలం కొట్టెయ్యమని అధికారిని అడిగాను. కుదరదన్నాడు. కొత్త వాంగ్మూలం ఇవ్వొచ్చన్నాడు. కాగితం లాక్కుని రాశాను: 'ఈ కొండ గురించి నేను చెప్పింది తప్పు. ఎండాకాలం ఊరు బతికేది దీని నీళ్లతోనే.' పెన్ను అప్పలసూరి ముందు పెట్టాను. అతను ముట్టుకోలేదు. వెనక బెంచీలో నుంచి మా వీధి తులసి లేచి వచ్చింది.

"సర్పంచ్‌గోరు నీళ్లు మొయ్యరు కదా. నానెడతాను" అని సంతకం పెట్టింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు, తరవాత ఇందాక నవ్విన మగవాళ్లు.

అధికారి తవ్వకం వాయిదా వేశాడు. రద్దు అనలేదు.

అందరూ అయ్యాక అప్పలసూరి వచ్చి పెన్నడిగాడు. ఇచ్చాను. అందరి సంతకాల కింద తన పేరు రాశాడు.