పొడుగు చెవుల తల్లి

చెక్కపెట్టెలో చెయ్యి పెట్టి మంత్రసాని కళ్ళు మూసుకుంది. చూసి లెక్కపెట్టడం ఆమెకు నచ్చదు. వేళ్ళకు తగిలే వెచ్చదనమే లెక్క. ఐదు. ఐదూ ఒకే పరిమాణం, ఐదింటి పొట్టలూ పాలతో బిగిసి ఉన్నాయి.

"నీ కడుపు చల్లగుండ," అంది, పక్కన గడ్డి నములుతున్న తల్లి కుందేలుతో.

దాన్ని అందరూ గాడిద అంటారు. అది మేలుజాతి పొట్టి కుందేళ్ళ షెడ్డు. గుండ్రటి మొహం, బొటనవేలంత చెవులు ఉంటేనే అక్కడ గౌరవం. దీని చెవులు జానెడు. యజమాని వదిలించుకుందామన్నప్పుడల్లా ఆమే అడ్డం పడింది. పదకొండేళ్ళుగా కుందేళ్ళకు పురుళ్ళు పోస్తోందని ఆయన సరదాగా మంత్రసాని అన్నాడు, ఆ పేరే నిలిచిపోయింది.

పక్క పెట్టెలో నాలుగు. మూడు నిక్షేపంగా ఉన్నాయి. నాలుగోది వేరుశనగ కాయంత. తల ఉబ్బి, వెనక కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. ఇలాంటివి మూడు రోజులు మించి బతకవు. దూది తడిపి పాలు పట్టింది, జాకెట్లో పెట్టుకుని తిరిగింది, ఏనాడూ ఒక్కటీ దక్కలేదు. పొట్టి తల్లుల ఈతల్లో తరచూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. పొడుగు చెవుల తల్లికి మాత్రం ఒక్కసారీ పుట్టలేదు. ఎందుకో? ఆ ప్రశ్న ఆమెకు పంటి కింద రాయి.

చివరి బోనులో ముద్దబంతి, షెడ్డుకే అందగత్తె, తొలిచూలుతో పొద్దున్నుంచి ముక్కుతోంది. మంత్రసాని చిటికెన వేలికి నూనె రాసుకుని మెల్లగా తడిమింది. పిల్ల తల తగిలింది. దారి ఇరుకు, తల పెద్దది.

"అయ్యగారూ, డాక్టరమ్మను పిలవండి. ఇది నా వేలికి లొంగేలా లేదు."

డాక్టరమ్మ వచ్చేసరికి పది దాటింది. అడ్డం పడిన పిల్ల చచ్చే బయటికొచ్చింది. దాని వెనక రెండు బతికినవి వచ్చాయి. ముద్దబంతి మాత్రం తల వాల్చేసింది. డాక్టరమ్మ సూదిమందు ఇచ్చి, ఇక చూడటమే అంది.

ఆమె చేతులు కడుక్కుంటుంటే మంత్రసాని చెంబుతో నీళ్ళు పోస్తూ అడిగింది, ఆ వేరుశనగ కాయంత పిల్లలు గాడిదకు మాత్రం ఎందుకు పుట్టవని.

"గాడిదకు ఎప్పుడూ పుట్టలేదని నువ్వే గమనించావా?" డాక్టరమ్మ ఆగి ఆమె వైపు చూసింది. "పొట్టితనం తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా రావచ్చు. ఒక్కరి నుంచే వస్తే ఇదిగో, ఇలా ముద్దుగా పొట్టిగా పుడతాయి. ఇద్దరి నుంచీ వస్తే బతకవు. గాడిద దగ్గర ఆ వాటా లేదు. పిల్లలకు రెండోది ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అంటే తల్లి తప్పు కాదా?"

"తల్లిదీ కాదు, తండ్రిదీ కాదు. అయ్యా, గాడిదలాంటివాటిని అమ్మెయ్యకండి. పొట్టివాటితో వీటిని కలిపితేనే పిల్లలన్నీ దక్కుతాయి."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా మంత్రసానీ," అన్నాడు యజమాని.

"చెప్పాను. గాడిద సంగతి గాడిదకే తెలుసన్నారు మీరు."

డాక్టరమ్మ నవ్వింది. మంత్రసాని నవ్వలేదు. చెంబు వంచకుండా అలాగే పట్టుకుని ఉంది.

"మనుషుల్లోనూ ఇంతేనా అమ్మా?"

"కొన్ని జబ్బులు ఇలాగే వస్తాయి. దగ్గర బంధువులు చేసుకుంటే ఇంకాస్త ఎక్కువ."

మంత్రసాని చేసుకున్నది మేనబావని. పెద్దది తొమ్మిది రోజులు బతికింది, రెండోవాడు పదకొండు. అత్తగారైన మేనత్త ఇరుగుపొరుగు వినేలా అంది, కన్నపిల్లల్ని మింగే కడుపని. ఆ మాటకు ముప్ఫై నాలుగేళ్ళు.

మధ్యాహ్నం ముద్దబంతి పిల్లలు రెండింటినీ గాడిద పెట్టెలో కలిపింది. వాటి ఒంటికి గాడిద బొచ్చు రుద్ది మరీ పెట్టింది, పరాయి వాసన రాకుండా. గాడిద మూతి పెట్టి చూసి మళ్ళీ గడ్డి నమలడంలో పడింది. ఏడయ్యాయి.

సాయంత్రం మొగుడు సైకిలు మీద వచ్చాడు. దర్జీ పని మానేశాక ఆమెను దించడం, తీసుకెళ్ళడమే ఆయన పని. గేటు దగ్గర ఆమె సైకిలెక్కలేదు.

"బావా, ఆ ఇద్దరినీ నేను మింగలేదు."

ఆయనకు ఏ ఇద్దరో చెప్పక్కర్లేకపోయింది. ఆమె డాక్టరమ్మ మాటలు మొదట్నుంచీ చెప్పింది, వాటాలతో సహా. "మనకూ అదే అయి ఉండొచ్చు, కాకపోవచ్చు."

ఆయన సైకిలు దిగాడు. "అమ్మ ఆ మాట అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు."

"తెలుసు."

"ఇప్పుడు తెలిసి ఏం లాభం?"

"లాభానికి కాదు. తెలుసుకుందామని."

ఆయన సైకిలు స్టాండు వేశాడు. "నాకూ చూపించు, ఆ గాడిదని."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. పిల్లలు ఏడూ కుప్పగా పడుకుని ఉన్నాయి. ఆయన వంగి, కొత్తవి ఏవో పోల్చుకోబోయి పోల్చుకోలేకపోయాడు. ఆమె అలవాటుగా చివరి బోను దాకా నడిచింది. ముద్దబంతి ఒంటిమీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీసింది. వెచ్చదనం తగల్లేదు. గోనెపట్టా కప్పి యజమానితో చెప్పడానికి వెళ్ళింది.

బోనులో ఓ మూల గుప్పెడు గడ్డి ఉంది, గూడు కట్టుకోవడానికి నోట కరిచి తెచ్చినది. పరకలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి, నడుమ పంటిగాట్లతో.